నోటి పుండ్లు: లేవు

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చి అప్పటికి రెండేళ్లో మూడేళ్లో అయింది. నేను అందులో టికెట్ల కౌంటర్లో పనిచేసేదాన్ని. శంషాబాద్ పక్కన మా ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లనని కాస్త పొగరుండేది. అమ్మకు రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి ఎముకల్లోకి పాకినప్పుడు, దవాఖాన వ్యవహారమంతా నేనే నెత్తికెత్తుకున్నాను. తమ్ముణ్ణి కూడా దగ్గరికి రానివ్వలేదు.

అమ్మది హార్మోన్లతో పెరిగే రకం. ఆ హార్మోన్లను అణిచే గోలీకి ఇంకో కొత్త గోలీ జతచేసి అప్పుడు ఆ దవాఖానలో పరీక్షిస్తున్నారు. ఆ రెండోది కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్త గోలీ. ఎవరికి ఏది పడిందో డాక్టరుకు కూడా తెలియదు. అన్నీ విని, ఆ పరీక్షలో చేరడానికి ఒప్పుకుని అమ్మ వేలిముద్ర వేసింది. రోజూ ఒంట్లో ఎలా ఉందో రాయమని ఒక డైరీ ఇచ్చారు. అమ్మకు చదువు రాదు కనుక రాసే పని నాది.

రెండో వారంలో అమ్మ నోరు పూసింది. నాలుక మీద, పెదవుల లోపల తెల్లటి పుండ్లు. పచ్చి పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి, మజ్జిగన్నం కూడా కళ్లనీళ్లతో మింగేది. నాకు సంతోషం వేసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, సంతోషమే. కొత్త మందుకు నోరు పూయొచ్చని ముందే చెప్పారు కనుక, పుండ్లు వచ్చాయంటే మాకు అసలు మందే పడిందని అనుకున్నాను.

“నోరంత మండుతుంది బిడ్డా. జర సారుకు ఫోన్ జేస్తవా?” అంది అమ్మ.

“చెప్తే మందు బంద్ జేస్తరు. నువ్వు గమ్మునుండు,” అని కసిరాను.

డైరీలో ‘నోటి పుండ్లు’ అన్నచోట రోజూ ‘లేవు’ అని రాశాను, గుండ్రటి అక్షరాలతో. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా సంగతీ అంతే అయింది.

నెల తిరిగాక మైలార్‌దేవ్‌పల్లి మీదుగా బస్సులో దవాఖానకు పోయాం. డైరీ తిరగేసి డాక్టరు తలూపాడు. కానీ అమ్మ మాట ముద్దముద్దగా రావడం విని నోరు తెరవమన్నాడు. ఆమె సగమే తెరవగలిగింది.

“ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?”

అమ్మ నావైపు చూసింది. “రెండు దినాలైతుంది సారూ. బిడ్డకు నేనే చెప్పలె.”

“వెంటనే చెప్పాలి కదమ్మా! పుక్కిలించడానికి మందిచ్చేవాళ్లం. నాలుగు రోజులు ఆపి, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. మీరు చెప్పిన దాన్ని బట్టే కదా, రేపు ఇంకో ఆవిడకు ఎంత ఇవ్వొచ్చో మాకు తెలిసేది.”

అంటే మందు ఆగేది కాదు. అమ్మ ఇన్నాళ్లూ ఊరికే మాడింది. పైగా తప్పు తనమీద వేసుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అమ్మ నా చేయి పట్టుకుంది.

“ఇగ నొప్పైతే చెప్పొచ్చా బిడ్డా?” అని అడిగింది.

ఏడుపు ఆగలేదు. ఆమెను అక్కడే ఉండమని, రాసింది దిద్దుతాను, ఆ డైరీ ఒకసారి ఇమ్మని అడగడానికి మళ్లీ డాక్టరు గదిలోకి పోయాను.