రసం కారిన మొదటి పేజీ

ఆ రోజుల్లో నాకు నేనే పెద్ద చరిత్రకారిణిని. డిగ్రీ రెండో ఏడు, చేతిలో కొత్త నోటుపుస్తకం, ఎదురుగా చాట్రాయి దగ్గర మా ఊరి చర్చి బాప్తిస్మాల రిజిస్టరు. మా ముత్తాతల పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. "పుస్తకం చర్చి గుమ్మం దాటకూడదమ్మా" అని పాస్టరుగారు ముందే చెప్పారు. నేను దానికి పేపరు చుట్టి, చున్నీ కింద దాచి ఇంటికి తెచ్చేశాను. (ఫోనులో ఫొటోలు తీసుకుంటే పోయేది. కానీ చరిత్రకారులన్నాక చేత్తోనే రాసుకోవాలని నా పట్టుదల.) పైగా ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పుస్తకం చూపిస్తానని మా చర్చిలో అందరికన్నా పెద్దావిడ, చేతికర్ర మామ్మకి మాటిచ్చాను. మొదటి పేజీలో మొదటి పేరు వాళ్ళమ్మదే. మామ్మకి చదువు రాదు, వాళ్ళమ్మ ఫొటో ఒక్కటీ లేదు. "అమ్మ పేరున్న చోట ఒక్కసారి చెయ్యి పెట్టుకుంటానమ్మాయ్, చాలు" అంది.

శనివారం పొద్దున్నే చూస్తే బల్ల మీద పుస్తకం లేదు. అడిగితే అమ్మ తాపీగా, "నీ ఇంటరు పుస్తకం కాదా? మామిడికాయల బుట్ట అడుగు ఊడిపోతుంటే, అట్ట గట్టిగా ఉందని వేశాను. బాబాయి ఉంగుటూరు అత్తయ్యకి కాయలు పట్టుకెళ్ళాడుగా" అంది. బాబాయికి ఫోన్ చేస్తే గూట్లోనే మోగింది (ఆయన దృష్టిలో అది ఇంట్లో ఉండాల్సిన వస్తువు). హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారేలోపు పట్టుకోవాలి. స్కూటీ మీద బయల్దేరితే దారంతా కాయల ట్రాక్టర్లే. ఆదివారం ప్రసంగంలో ఇక కునుకు తియ్యనని దేవుడికి మాటిచ్చాను. హారన్ కొట్టుకుంటూ వెళ్ళాను.

జంక్షన్‌లో ఉంగుటూరు బస్సు అప్పుడే కదులుతోంది. ఎదురెళ్ళి నిలబడ్డాను. "ఏంటమ్మా, చచ్చిపోతావా?" అని డ్రైవరు అరిచాడు. పైకెక్కి, బాబాయి కాళ్ళ దగ్గరున్న బుట్టని అమాంతం బోర్లించాను. చిన్నరసాలు బస్సంతా దొర్లాయి. "ఒకటి నేను తీసుకోనా పాపా?" అని వెనక సీట్లోంచి ఎవరో మర్యాదగానే అడిగారు. గడ్డి కింద పుస్తకం దొరికింది. బాగా పండిన కాయ ఒకటి చితికి, రసం అట్ట సందులోంచి మొదటి పేజీలోకి దిగింది. పేరు చెరగలేదు గానీ దాని చుట్టూ పచ్చటి మరక. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

ఆదివారం పాస్టరుగారి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన పుస్తకం తీసుకుని మామ్మ ముందు పెట్టారు. మామ్మ వేలు పట్టుకుని పేరు మీద పెట్టాను. మరక సంగతి ఎలా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే, మామ్మ ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు. "తోటలో కాయలు ఏరొచ్చాక మా అమ్మ చేతులు ఇదే వాసనొచ్చేవే" అంది.

ఇప్పుడు ఆ రిజిస్టరంతా నేనే స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాను. ఆ మరక తీసేస్తే పేజీ శుభ్రంగా ఉంటుంది కదా అంటారు చూసినవాళ్ళు. నేను తియ్యను. మామ్మ లేదిప్పుడు. ఆ పేజీ వచ్చినప్పుడల్లా, స్కాన్‌లో వాసన రాదని తెలిసి కూడా, తెరకి ముఖం దగ్గరగా పెట్టి చూస్తాను, పిచ్చిదాన్ని.