రాతిగట్టు మీద అల

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతి సాయంత్రం సముద్రం వినిపించేది. మా ఊరు కళ్యాణదుర్గం దగ్గర, ఎర్రనేల మీద ఉంటుంది. సముద్రాన్ని కళ్ళతో చూసినవాళ్ళు మా వీధిలో ఒకరిద్దరే, వాళ్ళు కూడా మద్రాసు ఆసుపత్రికి పోయి వచ్చినవాళ్ళు. అయినా రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు మా జేజినాయన, అంటే మా నాయనకు తండ్రి, ఇంట్లో ఎవరినీ నోరు మెదపనిచ్చేవారు కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం, తీరం వెంబడి వీచే గాలులు, అలల ఎత్తు, వేటకు పోవద్దని మత్స్యకారులకు హెచ్చరిక, అన్నిటినీ కళ్ళు మూసుకుని వినేవారు. పడమటి మబ్బులు మా నెత్తిమీదుగా ఖాళీగా పోతాయి. తూర్పున సముద్రం కలతపడితే తప్ప మాకు గట్టి వాన లేదు. అందుకే మా జేజినాయన ఆ అలలను పంచాంగం చూసినట్టు చూసేవారు.

ఆ రేడియోను ఆయన ఇంట్లో పెట్టుకుని వినేవారు కాదు. వీధి అరుగు మీద పెట్టి, గట్టిగా పలికేటట్టు తిప్పి, పక్కన నిటారుగా కూర్చునేవారు. ఒకప్పుడు ఊళ్ళో అదొక్కటే రేడియో. జనం పని ముగించుకుని వచ్చి మా అరుగు కింద నిలబడి విని పోయేవారట. నేను పెరిగిన తొంభైలలో ఇంటింటా రేడియో ఉంది, కొందరిళ్ళలో టీవీ కూడా వచ్చింది. అరుగు కింద నిలబడేవాళ్ళు లేరు. ఆయన మాత్రం రేడియోను వీధి వైపే తిప్పి పెట్టేవారు.

మా ఇంటిని ఊళ్ళో మిద్దిల్లు అనేవారు. పెద్ద తలుపులో ఒక రెక్క ఎప్పుడో విరిగిపోయింది, దాని చోట తడిక కట్టాం. భూములు వ్యాజ్యాల్లో పోగా ఊరి బయట ఒక్క చేను మిగిలింది. మా నాయన బెంగళూరులో ఉండేవాడు. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే జేజినాయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ముందు గదిలో ఊరి ఆసుపత్రి నర్సమ్మ అద్దెకుండేది. అద్దె అన్నమాట మాత్రం మా ఇంట్లో పలకకూడదు. ఆమె మా అతిథి. నేను నర్సక్క అని పిలిచేదాన్ని.

నర్సక్క విశాఖపట్నం అవతల సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్ల. వాళ్ళ అన్న సొంత పడవ మీద వేటకు పోయేవాడు. సాయంత్రం వాతావరణం చెప్పేటప్పుడు ఆమె కూడా వచ్చి గుమ్మంలో నిలబడేది. మేం వాన కోసం వినేవాళ్ళం, ఆమె అల కోసం వినేది. ఒకే మాటకు జేజినాయన ముఖం విప్పారేది, ఆమె ముఖం ముడుచుకునేది. దాని సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ ఏడు మా అదృష్టం కొద్దీ వేరుశెనగ బాగా కాసింది. చెట్లు పీకించి చేనంతా ఎండకు పరిచాం. కాయ ఎండేదాకా చెట్టు నేల మీదే ఉండాలి. ఆ కొద్ది రోజుల్లో వాన పడిందా, కాయ నేల మీదే మొలకెత్తుతుంది, పశువులకు వేసే కట్టె నల్లబడి బూజు పడుతుంది. ఏడాదంతా వాన కోసం మొక్కే మేం ఆ రోజుల్లో మాత్రం వాన రాకూడదని మొక్కుతాం. వేరే పంట లేదు. అది పోతే నన్ను కళ్యాణదుర్గం హైస్కూలుకు పంపడం కుదరదని, నాయన కూడా ఇక పండగకైనా ఇంటి ముఖం చూడడని అమ్మ వంటింట్లో అనుకోవడం నేను విన్నాను.

అప్పుడే రేడియోలో తుపాను మాట వచ్చింది. మర్నాటి సాయంత్రానికి తీరం దాటుతుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, రాయలసీమలో భారీ వర్షాలు పడతాయి అని చెప్పారు. జేజినాయన రేడియో ఆపలేదు. పాటలు మొదలైనా అలాగే కూర్చున్నారు.

వీధి వీధంతా కదిలింది. మా వైపు ముయ్యి అని ఒక పద్ధతి ఉంది. నీ చేనికి నేనొస్తే నా చేనికి నువ్వొస్తావు. కూలి లేదు, లెక్కలు లేవు, వచ్చినవాళ్ళకు తిరిగి పోవాలి, అంతే. తుపాను అనేసరికి ముయ్యి జతలు కట్టుకుని, ఎవరి చేను తర్వాత ఎవరిదో వీధిలోనే నిలబడి కేకలతో తేల్చుకుంటున్నారు. మా అరుగు ముందు నుంచే పోతున్నారు, వస్తున్నారు. ఒక్కరూ ఆగలేదు.

జేజినాయన నన్ను పిలిచి, "పొద్దున్నే మన చేనికాడికి రమ్మన్నానని చెప్పిరా పో" అన్నారు. ఆయన నాయన కాలంలో ఆ ఒక్క మాటకు వీధి నిండేదట. నేను పోయి పక్క చేను మామకు చెప్పాను. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఊరి వరస. నోరు పెద్దది. నా మాట విని తలపాగా సర్దుకున్నాడు.

"రమ్మంటే వచ్చేకి ఈడ ఎవరుండారు అమ్మణ్ణీ? మాకు ముయ్యి ఉండాది. మిద్దింటోళ్ళు ఎవురి చేనికన్నా వచ్చినారా, మేం వచ్చేకి?"

పక్కన ఎవరో నవ్వారు. నేను తల ఎత్తుకునే వెనక్కి నడిచాను. మా ఇంటి పిల్ల వీధిలో తల దించకూడదు. తడిక దాటి లోపలికి వచ్చాకే దించాను.

ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. జేజినాయన ముఖం రాయిలా అయింది. "మా ఇంటోళ్ళు ఒకరి చేన్లో వంగినోళ్ళు కాదు. పంట పోతే పోనీ" అన్నారు. అమ్మ గోడవైపు తిరిగింది.

గుమ్మంలో ఉన్న నర్సక్క మెల్లగా మాట్లాడింది. వాళ్ళ ఊరి ముందు నీళ్ళలో మునిగిన రాతిగట్టు ఉందట. మామూలు రోజుల్లో అల దాని మీదుగా ఊరికే జారిపోతుంది. ఎక్కడో నడిసంద్రంలో తుపాను పుడితే, ఒడ్డున ఆకు కూడా కదలకముందే ఆ గట్టు మీద అల విరిగి తెల్లగా లేస్తుంది. అది చూసిన మనిషి కేకేస్తాడు. ఊరంతా ఒడ్డుకు పరుగెత్తుతుంది, పడవలు ఇసకలో పైకి లాగడానికి.

"ఒకడి పడవ ఒకడు లాగలేడు కదండీ తాతగారూ" అంది.

"అడిగితే వస్తారా అందరూ?" అన్నారు జేజినాయన, ఆమె వైపు చూడకుండా.

"అడగమండీ. ముందెళ్ళి పక్కోడి పడవకి చెయ్యేసేస్తాం. మన పడవ దగ్గరికి వాళ్ళే వస్తారు."

ఆయన రేడియో తీసుకుని లోపలికి పోయారు.

తెల్లవారి నర్సక్క వాళ్ళ అన్నకు ఫోను చేద్దామని బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు పోయింది. లైను కలవలేదు. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. మా చేను అలాగే పరిచి ఉంది. నర్సక్క మందుల సంచీ తీసుకుని జేజినాయన ముందుకు వచ్చింది. చేలల్లో చిన్నపిల్లలకు జ్వరాలు ఉన్నాయని, మాత్రలు పంచాలని, సంచీ మోయడానికి అమ్మనూ నన్నూ పంపమని అడిగింది. జేజినాయన లెక్కలో మందులు పంచడం ధర్మకార్యం, మా ఇంటి ఆడవాళ్ళకు తగిన పని. "పోయి రాండి" అన్నారు.

పక్క చేను మామ చేలో ఇరవై మంది దాకా ఉన్నారు. చెట్లు ఎత్తి వామి వేస్తున్నారు, కాయలు లోపలికి, ఆకు బయటికి, చుట్టూ తిరుగుతూ. నర్సక్క ఇద్దరు పిల్లల నుదురు చూసింది, మాత్రలిచ్చింది. తర్వాత సంచీని గట్టు మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చేలోకి దిగి ఒక మోపు ఎత్తుకుంది.

చేను చేనంతా ఆగింది. ఆమెను కాదు, గట్టు మీద నిలబడిన మా అమ్మను చూస్తున్నారు.

"ఏమమ్మా, మాత్రలిచ్చేకి మిద్దింటోళ్ళు గూడా వచ్చినారే!" అన్నాడు మామ. ఒకావిడ, "దిగొద్దు తల్లీ, చేతులు కందిపోతాయి" అంది. నవ్వులు లేచాయి.

అమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి చేలో అడుగు పెట్టలేదు. ఆ క్షణంలో ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోతుందనే అనుకున్నాను. ఆమె నా చెయ్యి వదిలింది. చెప్పులు విడిచి గట్టు మీద పక్కపక్కన సర్ది పెట్టింది, గుడి బయట విడిచినట్టు. దిగి, వంగి, ఎత్తుకుంది. మట్టి రాలి ఆమె తల మీద పడింది. ఎవరూ నవ్వలేదు. నేను వెనకాలే దిగాను.

మధ్యాహ్నం దాటగానే గాలి మొదలైంది. అందరూ ఒక కన్ను ఆకాశం మీద పెట్టి పని చేశారు. అవతల మా చేను కనిపిస్తూనే ఉంది, గాలికి పైనున్న ఎండు చెట్లు కదులుతున్నాయి. అమ్మ ఒక్కసారి కూడా అటు చూడలేదు. నేను మాటిమాటికీ చూశాను. మన చేనికి రమ్మని ఒక్క మాట అడగవచ్చు కదా అని నర్సక్క చెవిలో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

మామ వామి మీద చివరి మోపు పడింది. పైన టార్పాలిన్ పట్ట కప్పి రాళ్ళు పెట్టారు. మామ నడుం మీద చేతులు వేసుకుని తూర్పుకు చూశాడు, మా అమ్మ చేతులు చూశాడు. అవి నిజంగానే కందిపోయాయి.

"ఏం చూస్తాండార్రా నిలబడి? వాన మీదికొస్తాంది. నడవండి. మిద్దింటోళ్ళకు ముయ్యి ఉండాది" అని గట్టు దాటాడు. ఇరవై మందీ వెనకాల దాటారు. మా అమ్మ అప్పుడు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మా వామి సగం లేచేసరికి జేజినాయన వచ్చారు. తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో కర్ర. గట్టు మీద నిలబడి, తల నిండా మట్టితో మోపు మోస్తున్న కోడలిని చూశారు. అమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. మోపు దించలేదు, అడుగు వేయలేదు. ఆయన ఒక్క మాటంటే అమ్మ ఇంటికి పోవాల్సిందే. అప్పుడు ముయ్యికి వచ్చినవాళ్ళు కూడా పోతారు. ఆయన పెదవులు కదలడం చూశాను.

ఆయన పక్కకు జరిగి దారిచ్చారు. అమ్మ మోపుతో ఆయన ముందు నుంచే నడిచి పోయింది.

వామి పూర్తయి పట్ట కప్పుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. పెద్ద చినుకులు, రాళ్ళు విసిరినట్టు. గాలి ఒక్క ఊపున పట్టను లేపింది. మూడు మూలలు మనుషులు పట్టుకున్నారు. నాలుగో మూల చేతికి చిక్కకుండా కొట్టుకుంటోంది. రాళ్ళు తెచ్చేలోపు వామి నోరు తెరుచుకునేలా ఉంది. జేజినాయన కర్ర పారేసి నడిచి వచ్చి, ఆ మూలను రెండు చేతులతో పట్టి కిందికి లాగి, దాని మీద కూర్చున్నారు. ఎర్రబురదలో, తెల్ల పంచెతో, అరుగు మీద కూర్చున్నంత నిటారుగా.

"పెద్దయ్యా, తడుస్తాండావు, లెయ్ అప్పా" అని మామ అరిచాడు.

"నీ పని నువ్వు చూసుకోరా. ఈ మూల నాది" అన్నారు.

రాళ్ళు తెచ్చి పెట్టినా లేవలేదు. తాళ్ళు బిగించేదాకా అలాగే ఉన్నారు. ముక్కు చివర నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ సాయంత్రం రేడియోను అరుగు మీద పెట్టలేదు. వంటింటి గుమ్మంలో, నర్సక్క వినేటట్టు పెట్టారు. అలల మాట వచ్చినప్పుడు గొంతు కొంచెం సవరించుకుని, "మీ వాళ్ళు లాగేసుంటారులేమ్మా" అన్నారు. రెండు రోజులకు ఫోను కలిసింది. పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయట. మాకు వామి చుట్టూ బయటి వరస నల్లబడింది. లోపలి కాయ నిలిచింది, నేను హైస్కూలుకు పోయాను.

వాన తెరిపిచ్చిన పొద్దున ఆయన అమ్మను పిలిచి, మొన్న మన చేనికి వచ్చినవాళ్ళలో ఇంకా ఎవరెవరి చేలల్లో పని మిగిలిందని అడిగారు. అమ్మ చెప్పింది. "పోండి. ఇంత పరువుగల ఇల్లు ఒకరి ముయ్యి బాకీ పెట్టుకోని ఉండకూడదు" అన్నారు. గర్వం పిసరంతైనా తగ్గలేదు. అది నిలబడే చోటు మాత్రం మారింది.

ఇప్పుడు ఆ చేను నేను చూస్తున్నాను. నా నడక చూసి ఊళ్ళో మిద్దింటి పొగరు అంటారు. అననీ, ఆ వెన్ను నాకు వారసత్వంగా వచ్చింది, వంచుకోను. ఫోనులో తుపాను మాట వస్తే మాత్రం ముందు అలల సంగతి చూస్తాను, ఆ రాతిగట్టు మీద తెల్లగా లేస్తున్న నీళ్ళు కళ్ళముందు కదులుతాయి. తర్వాత చెప్పులు గట్టు మీద పక్కపక్కన విడిచి పక్క చేలోకి దిగుతాను. నా చేను వైపు చూడను. పట్ట లేచే మూల ఎవరి చేలో కనబడితే అక్కడికి పోయి కూర్చుంటాను, నిటారుగానే.