ముందు మనిషి, తర్వాత తలుపు

మా పిన్ని వీధి తలుపుకి గడియ పెట్టేది కాదు. టర్పెంటైన్ డబ్బా తెస్తానని బాబాయి వెళ్ళిన సాయంత్రం నుంచీ అంతే. ఏళ్ళు గడిచాయి. డబ్బా రాలేదు, మనిషీ రాలేదు, కబురైనా లేదు. గాలికి తలుపు కిర్రుమంటే చాలు, లోపలి గదిలోంచి "వచ్చారా?" అనేది. జవాబు లేకపోతే ఏమీ జరగనట్టు మళ్ళీ పనిలో పడేది. నాకు ఒళ్ళు జలదరించేది, కోపమూ వచ్చేది. దొంగలు పడితే ఏం చేస్తావంటే, మన కొంపలో దొంగకి దొరికేవి రంగు గుడ్డలేగా అని నవ్వేసేది.

వాళ్ళిద్దరిదీ బోర్డులు రాసే పని. అక్షరాల అంచులు బాబాయి గీస్తే, లోపల రంగు పిన్ని నింపేది. బాబాయి పోయాక... పోయాక అన్నానా? పిన్ని వింటే నా పళ్ళు రాలగొడుతుంది. ఆయన వెళ్ళాక రెండు పనులూ తనే చేసుకుంది.

పక్క వీధిలో ఒక ముసలి చైనా పళ్ళ డాక్టరు ఉండేవాడు. మన భాష మనకంటే నిదానంగా, శుభ్రంగా మాట్లాడేవాడు. తన పాత బోర్డు మీది రెండు చైనా అక్షరాలను కొత్త రేకు మీద రాయమని పిన్నిని పిలిచాడు. పిన్ని అలవాటు చొప్పున అంచులు గీసి, కింది నుంచి రంగు నింపుకుంటూ పైకి వచ్చింది. అచ్చు పాతదానిలాగే వచ్చింది, నేనైతే శభాష్ అన్నాను. డాక్టరు మాత్రం రంగు ఆరకముందే గుడ్డ పెట్టి తుడిచేశాడు. అది బొమ్మట, అక్షరం కాదట. ఏ గీత ముందో ఏది వెనకో చేతికి తెలియాలట, ఒక్కో గీతా ఒక్క ఊపులో పడాలట.

పిన్నికి పౌరుషం పొడుచుకొచ్చింది. పలకా సుద్దముక్కా పట్టుకుని రోజూ మధ్యాహ్నం ఆయన దగ్గర కూర్చుంది. ఈ వయసులో ఓనమాలేమిటని నేను ఆటపట్టిస్తే, నువ్వు పుట్టకముందే నా చేతిలో కుంచె ఉందే అంది. వసంతం అని అర్థమొచ్చే రెండో అక్షరం తొందరగానే పట్టుబడింది. చిక్కంతా మొదటిదానితోనే. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె, అంతే. రెండూ కలిస్తే రోగికి ఆరోగ్యం మళ్ళీ రావడమట, విడిగా దీని అర్థం తిరిగి రావడం.

"ఎడమ గోడ ముందు. పైకప్పూ కుడి గోడా ఒకే గీత. తర్వాత లోపలికి మనిషి, ఈ చిన్న పెట్టె. ఈ కింది గీత తలుపమ్మా, అది చివర," అన్నాడు డాక్టరు. "మనిషి రాకముందే తలుపేస్తే అతను బయటే ఉండిపోతాడు."

ఆ మాటతో పిన్ని చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ చివరి గీత ఒక్కటీ పడదు. పలక నిండా తలుపుల్లేని ఇళ్ళే. రేకు మీద కూడా తక్కినదంతా రాసి, అడుగున మాత్రం అలాగే వదిలేసింది. డాక్టరు తొందరపెట్టలేదు. నేనే ఉండబట్టలేక, బాబాయి ఇక రాడు పిన్నీ, ఆ గీత గీసెయ్యి, ఇంటి తలుపూ వేసుకో, నీ బతుకు నువ్వు బతుకు అన్నాను. అది తప్ప నాకు ఇంకేమీ అక్కర్లేదు అప్పుడు.

"మనిషి బయటుంటే ఎలా వేస్తానే?" అంది.

తర్వాత ఒక మధ్యాహ్నం బోర్డు ముందు కుంచె ముంచి నిలబడింది. వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. ఎవరికో దారిస్తున్నట్టు కాస్త పక్కకి జరిగింది. ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి, ఒక్క ఊపులో గీత లాగేసింది. ఇదీ అక్షరం అన్నాడు డాక్టరు. నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్తే తలుపు గడియ వేసి ఉంది. నేను పొంగిపోయి దబదబా బాదాను. లోపలి నుంచి "వచ్చారా?" అని వినపడలేదు. కాసేపటికి పిన్ని తలుపు ఓరగా తీసి, పెదాల మీద వేలు పెట్టింది. అంత తేటగా ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు.

"మెల్లగా రావే. మీ బాబాయికి ఇప్పుడే కునుకు పట్టింది."

ముందు నన్ను లోపలికి రానిచ్చి, నా వెనక గడియ పెట్టింది.