ముట్టకుండా చెప్పిన జబ్బు

మట్టెవాడలో సారంగపాణి షెడ్డుకు బోర్డు లేదు, అవసరమూ లేదు. ఏ డ్రైవరును అడిగినా "చెవితో చూసే మేస్త్రి" అని దారి చూపేవాడు. ఇంజను శబ్దం కాసేపు విని, వాసన పీల్చి, జబ్బేదో అక్కడికక్కడే చెప్పేసేవాడు. విప్పి చూస్తే చాలాసార్లు అదే తేలేది. తేలనివి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, ఆయన అసలే పెట్టుకోలేదు. పొగడ్తలు విని విని ఆ చెవులు కాస్త చెడిపోయాయనే అనుకోవాలి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, మహర్నవమి నాడు స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, జాకీ అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చాడు. పూజలో పెట్టిన పనిముట్లను దశమి పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా ముట్టకూడదు. సరిగ్గా అప్పుడే కిరాణా వ్యాపారి పాండురంగం లారీ దగ్గుకుంటూ వచ్చి ఆగింది. మిలిటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు బండి అది. నడిపేది కట్టయ్య. పక్కన సావుకారే కూర్చుని చిటపటలాడుతున్నాడు. దండలు వేసుకున్న బండి బజారు నడుమ అడుగడుగునా ఆగి పరువు తీసిందట.

"రేపు చూస్తా" అంటే సరిపోయేది. కానీ పూజకు వచ్చినవాళ్ళంతా తన వైపే చూస్తున్నారు. సారంగపాణి చేతులు వెనక్కి కట్టుకుని ఇంజను విన్నాడు. ట్యాంకు దగ్గర ముక్కు పెట్టాడు. గుప్పున కిరసనాయిలు వాసన కొట్టింది. సావుకారి దుకాణానికి కిరసనాయిలు పీపాలు మోసేది ఆ లారీయేనని ఆయనకు తెలుసు. తెలిసీ ఆ క్షణాన తోచలేదు.

"పెట్రోల్ల గాసునూనె కలిసింది సేటూ" అన్నాడు.

ఆ మాటకు అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. డ్రైవరు పెట్రోలు అమ్ముకుని, సావుకారి పీపాల్లోంచే తీసి ట్యాంకు నింపాడని. కట్టయ్య నోరు తెరిచేలోగా పాండురంగం తాళంచెవి లాక్కుని, బండితో పాటు సారంగపాణికి అప్పగించి, కట్టయ్యను రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. పండగ పూట నలుగురిలో దొంగ అనిపించుకుని కట్టయ్య నడిచి వెళ్ళిపోయాడు.

దశమి పొద్దున కొబ్బరికాయ కొట్టి, సారంగపాణి ముందుగా ట్యాంకులోంచి కాస్త పెట్రోలు తీసి అరచేతిలో పోసుకున్నాడు. చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోయింది. కిరసనాయిలు కలిస్తే జిడ్డు మిగలాలి. మిగలలేదు. వంగి చూస్తే ట్యాంకు పక్కన లారీ చెక్కల మీద పీపా ఒలికిన మరక కనిపించింది. వాసన అక్కడిది. పక్క దుకాణపు మొగిలయ్యను పిలిచి సెల్ఫు కొట్టమని, ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజనుకు దగ్గరగా పట్టుకున్నాడు. నీలంగా టపటపా ఎగరాల్సిన నిప్పురవ్వ పచ్చగా, నీరసంగా, వచ్చీ రానట్టు వచ్చింది. జబ్బు కరెంటులో ఉంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. లోపల కరెంటును కలిపి తెంపే పాయింట్లు కాలి నల్లబడ్డాయి. అవి కాలకుండా కాపాడాల్సిన కండెన్సరు పక్కనే వేలు పెడితే కదులుతోంది. దాని స్క్రూ సగమే బిగించి ఉంది.

పోయిన వారం ఆ పాయింట్లు సరిచేసింది తనే. స్క్రూ బిగిస్తుండగా ఎవరో చాయ్‌కి పిలిస్తే వెళ్ళాడు. తిరిగొచ్చి మూత పెట్టేశాడు. సారంగపాణికి సిగ్గుతో చెవులు మండిపోయాయి.

పాయింట్లు గీకి, స్క్రూ బిగించాడు. బండి మొదటి దెబ్బకే అందుకుంది. తీసుకుపోవడానికి వచ్చిన పాండురంగం తెగ సంబరపడి, నీ ముక్కుకు దండం పెట్టాలయ్యా అని, ట్యాంకు కడిగేశావు కదా అని అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. సారంగపాణి తల ఊపాడు. ఔననో కాదనో తనకే తెలియకుండా ఊపాడు. అబద్ధం ఆడలేదు కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు కానీ, తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఊరంతా జమ్మి పంచుకునే వేళకు కట్టయ్య వచ్చి సారంగపాణి ఇంటి గడపలో నిలబడ్డాడు. పెద్దవాళ్ళ చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్ళు మొక్కి, గుండెలకు హత్తుకుని అలయ్ బలయ్ తీసుకోవాలి. పగలేమైనా ఉంటే ఆ పూట వదిలేయాలి. కట్టయ్య ఆకు చేతిలో పెట్టి వంగబోయాడు.

"నువ్వు చెప్పినవంటె తప్పు గాదన్నా. నేనైతే కలపలే. నేను లేనప్పుడు ఎవడన్న పోసిండేమో. చూసుకోకపోవుడు నా తప్పే."

సారంగపాణి అతని భుజాలు పట్టుకుని ఆపాడు.

"మొక్కకు తమ్మీ. పెట్రోలు మంచిగనే ఉన్నది. స్క్రూ బిగియ్యంది నేను."

అంతా చెప్పాడు. పొద్దున సేటు ముందు తల ఊపిన సంగతి కూడా దాచలేదు. ఇప్పుడే పోయి సేటుకు అందరి ముందు చెప్పేస్తానన్నాడు.  కట్టయ్య అలయ్ బలయ్ ఇవ్వకుండానే వెనక్కి జరిగాడు.

"సేటు సంగతి తర్వాత. ముందుగాల మా ఇంటికి రా. నా పెండ్లాం సమ్మమ్మకు చెప్పు. సారంగపాణన్న అన్నడంటె నిజమే ఉంటదని, నిన్నటి సంది నా మొకం చూస్తలేదు."

సేటుతో ఏమనాలో సారంగపాణి పొద్దుటి నుంచీ మనసులో కూర్చుకుంటూనే ఉన్నాడు. సమ్మమ్మతో ఏమనాలో ఒక్క మాటా తోచలేదు. కట్టయ్య అప్పటికే ముందు నడుస్తున్నాడు. సారంగపాణి తల వంచుకుని వెనకే వెళ్ళాడు.