సీలమ్మ కిడ్నీల సంగతి

సీలమ్మ అసలు పేరు చెల్లెలికీ, పింఛను కాగితాలకీ తప్ప మరెవరికీ తెలియదు. ప్యాకెట్ల కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు సీలింగు మిషను దగ్గరే నిలబడింది కాబట్టి తోటివాళ్ళు పెట్టిన పేరు అది. నూడుల్స్, సూపు పొడి, పాలపొడి బిస్కెట్లు అన్నీ ఆమె చేతి మీదుగానే అట్టపెట్టెల్లోకి వెళ్ళేవి. వేడిగా అతుక్కున్న అంచు మీద బొటనవేలితో ఒక్కసారి రాస్తే చాలు, గాలి ఎక్కడ దూరుతుందో చెప్పేసేది. నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. ఒక్క వెంట్రుక కనబడినా ఆ పూట సరుకంతా పక్కన పెట్టించేది. సూపర్‌వైజరు గొణిగేవాడు. "తినేవాళ్ళు మనవాళ్ళే అనుకోవాలి సార్" అనేది ఆమె.

నిజానికి తినేది మనవాళ్ళే. అచ్చు వంకరగా పడ్డ ప్యాకెట్లను కంపెనీ పనివాళ్ళకు ఇచ్చేసేది. ఇంట్లో ఉన్నది సీలమ్మ, ఆమె చెల్లెలు, ఇద్దరే. సీలమ్మ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి మొగుడు చిన్న వయసులోనే పోయాడు. ముందు గదిలో చెల్లెలి కుట్టుమిషను, వెనక గదిలో రెండు మంచాలు, ఒక పొయ్యి. కుట్టుపని వదిలి చెల్లెలు లేచేది కాదు, నిలబడి నిలబడి వచ్చిన సీలమ్మ పొయ్యి దగ్గర ఇంకోసారి నిలబడేది కాదు. వంట నేర్చుకునే తీరిక ఇద్దరికీ దొరకలేదు. నీళ్ళు కాచడం వస్తే చాలు, భోజనం తయారు. పొద్దున బిస్కెట్లు, మధ్యాహ్నం నూడుల్స్, సాయంత్రం సూపు, నోరు చప్పబడితే డబ్బా మాంసం. ఉద్యోగం మానేసి ఏడేళ్ళయినా అదే వరస. కాకపోతే ఇప్పుడు కొట్లో కొనుక్కుంటున్నారు.

ఒక రోజు కొట్టుకు బయలుదేరుతూ సీలమ్మ గుమ్మం దగ్గర చెప్పులతో కుస్తీ పడుతోంది. చెల్లెలు మిషను ఆపి చూసింది.

"అక్కా, ఏంటా కాళ్ళు? దిండ్లలా ఉన్నాయి."

"కాళ్ళకేమీ కాలేదు. చెప్పులు పాతబడి బిగుసుకుపోయాయి."

"పాతబడితే వదులవుతాయి గానీ బిగుసుకుంటాయా? పద, డాక్టరు దగ్గరికి."

డాక్టరమ్మ కాళ్ళ మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. రక్తం తీయించింది, మూత్రం పరీక్ష చేయించింది. మూడో రోజున కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మా, మీ కిడ్నీలు సుమారుగా వందకి నలభై ఒక్క వంతులే పనిచేస్తున్నాయి."

"మిగతా యాభై తొమ్మిది ఏమయ్యాయమ్మా?" అని అడిగింది సీలమ్మ, ఎక్కడో మర్చిపోయి వచ్చినట్టు.

డాక్టరమ్మ నవ్వలేదు. రోజూ ఏం తింటారని అడిగింది. సీలమ్మ దాపరికం లేకుండా వరసగా చెప్పింది. చెప్తుంటే డాక్టరమ్మ కలం ఆగిపోయింది.

"ఇవన్నీ ప్యాకెట్లే కదమ్మా."

"నేను చేసినవే. అంత శుభ్రం మీ ఆసుపత్రిలో కూడా ఉండదు, ఏమీ అనుకోకండి."

"శుభ్రం గురించి కాదు నేను అనేది. ఉప్పు ఎక్కువ. చెడిపోకుండా, రుచి నిలిచేలా ఏవేవో కలుపుతారు. వాటిలో కొన్నింటిని బయటికి పంపడం కిడ్నీలకు కష్టం కావచ్చు. ఇలాంటి తిండి ఎక్కువ తినే పెద్దవాళ్ళలో కిడ్నీలు త్వరగా నీరసిస్తున్నాయని కొందరు పరిశీలించి చెప్తున్నారు."

"అయితే వాటివల్లే అంటారా?"

"అలా ఒట్టేసి చెప్పలేను. మీకు బీపీ ఉంది. వయసు ఉంది. మోకాళ్ళకని రోజూ నొప్పి బిళ్ళలు మింగుతున్నారు, అవి ఇవాళే ఆపేయండి. ఇందులో దేని వంతు ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్యాకెట్లు తగ్గించండి, ఉప్పు తగ్గించండి. నెలకి మళ్ళీ చూద్దాం."

సీలమ్మ జీవితంలో ఏ ప్యాకెట్టయినా రెండే రకాలు. అతుక్కుంది, అతుక్కోలేదు. ఈ 'కావచ్చు'ను ఏ పెట్టెలో వేయాలో ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చెల్లెలి వంకే చూసింది.

"నువ్వూ అదే తిన్నావు కదే. ముప్ఫై ఏళ్ళు ఒకే గిన్నె. నువ్వూ పరీక్ష చేయించుకో."

చెల్లెలు చేయించుకుంది. కాగితం వచ్చింది. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి.

ఆ కాగితం చూసి సీలమ్మ సంతోషించింది. ఆ వెంటనే కోపం తెచ్చుకుంది. ఎవరి మీదో తెలియలేదు గనక చెల్లెలి మీదే చూపించింది. "నీ కిడ్నీలు ఏ లోకం నుంచి తెచ్చుకున్నావే? ఒక్క అమ్మ కడుపున పుట్టలేదా మనం?"

"నాకు బీపీ లేదుగా. బిళ్ళలూ మింగలేదు."

"అంటే తిండి వల్ల కాదన్నమాట!"

"ఏమో. నా వంతు నూడుల్స్ కూడా నువ్వే తిని, నాకు సగమే పెట్టేదానివేమో, ఎవరు కొలిచారు?"

ఇద్దరూ నవ్వుకున్నారు గానీ సీలమ్మకు అనుమానం తీరలేదు. ఆ సాయంత్రం చెల్లెలు బొత్తాలు కుట్టేటప్పుడు పెట్టుకునే భూతద్దం తీసి సూపు ప్యాకెట్టు వెనకవైపు పైకి చదివింది. కొన్ని పేర్లు పలకలేక దాటేసింది. సీలమ్మ నోరు తెరుచుకుని విన్నది. లెక్కలేనన్ని ప్యాకెట్లు ఆమె చేతుల్లోంచి వెళ్ళాయి. అంచులు చూసింది గానీ వెనక ఏం రాసి ఉందో ఒక్కనాడూ చదవలేదు.

మర్నాడు కొట్టులో ఆమెకు ఒక దారి దొరికింది. 'ఉప్పు తక్కువ' అని ఆకుపచ్చ అక్షరాలతో రాసి ఉన్న సూపు. అదే కంపెనీది. పది ప్యాకెట్లు తెచ్చుకుంది. డాక్టరమ్మ చెప్పిందీ జరిగింది, తన కంపెనీ పరువూ నిలిచింది. పక్కింటావిడ అరటిపళ్ళు తినమంది, సహజమైనవని. రోజుకి నాలుగు తిన్నది. నొప్పి బిళ్ళలు మానేసినందుకు మోకాళ్ళు సలుపుతున్నా ఓర్చుకుంది. ఇంత బుద్ధిగా ఆమె చిన్నప్పుడు బడిలో కూడా లేదు.

నెల తిరిగాక పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది. మధ్యాహ్నానికల్లా డాక్టరమ్మే ఫోన్ చేసింది.

"అమ్మా, ఉన్నపళంగా రండి. ఒంట్లో పొటాషియం బాగా పెరిగింది. గుండెకి మంచిది కాదు."

ఆసుపత్రిలో ఛాతీకి తీగలు తగిలించి గుండె ఎలా కొట్టుకుంటోందో చూశారు. మందు తాగించారు, ఇంకో మందు నరానికి ఎక్కించారు. రెండు రోజులు అక్కడే ఉంచారు. చెల్లెలు సంచిలో ఆ కొత్త సూపు ప్యాకెట్టు పట్టుకెళ్ళి చూపించింది. డాక్టరమ్మ వెనకవైపు చదివి నిట్టూర్చింది.

"మామూలు ఉప్పు తగ్గించి, బదులుగా పొటాషియం ఉప్పు వేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పర్వాలేదు. మీ కిడ్నీలకి అది బరువు. దానికి తోడు రోజుకి నాలుగు అరటిపళ్ళు."

సీలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉప్పు తినొద్దన్నారు, మానేశాను. ప్యాకెట్లు వద్దంటే పళ్ళు తిన్నాను. చెప్పిందల్లా చేస్తే ఇక్కడ పడుకోబెట్టారు. ఇంక నేను తినాల్సింది గాలి ఒక్కటేనా తల్లీ?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "తప్పు మీది కాదమ్మా. మొదటి రోజే నేను ఇంకొంచెం విడమరిచి చెప్పాల్సింది" అంది. అప్పుడు కూరగాయల పేర్లు ఒక కాగితం మీద రాసి, ముక్కలు కోసి ఉడికించి ఆ నీళ్ళు వంపేయమంది. నీళ్ళతో సత్తువ పోతుందని అమ్మ చెప్పేదే అని సీలమ్మ అంటే, "మీకిప్పుడు ఆ సత్తువే కొంచెం ఎక్కువైంది" అంది.

ఇంటికొచ్చాక సీలమ్మ మనసు ఊరుకోలేదు. కంపెనీలో ల్యాబు చూసుకున్న పెద్దాయన రెండు వీధుల అవతలే ఉంటాడు. వెళ్ళింది. ఆయన వరండాలో పాత గోడ గడియారం విప్పి, మరల్ని గుడ్డ మీద పరుచుకుని కూర్చున్నాడు.

"సార్, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. మనం చేసింది మంచిదా, చెడ్డదా?"

ఆయన కళ్ళజోడు తీశాడు. "సూక్ష్మజీవులు ఉన్నాయా అని చూసేవాణ్ణి సీలమ్మా. తేమ చూసేవాణ్ణి. తూకం చూసేవాణ్ణి. అన్నీ సరిగ్గా ఉండేవి. ముప్ఫై ఏళ్ళు తింటే ఏమవుతుందని అడిగే గడి మా రిజిస్టరులో లేదు. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు."

"మీరు తినేవారా?"

"మా ఆవిడ వాటిని ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆ రుచి పడక. అంతకు మించి ఏం లేదు" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ, "నాకూ ఒక కిడ్నీలో రాయి ఉందిలే" అని చేర్చాడు.

సీలమ్మ ఎటూ తేల్చుకోలేక తిరిగొచ్చింది. ఆయన తప్పు ఒప్పుకుని ఉంటే తిట్టేది. తప్పు లేదని చెప్పి ఉంటే నిశ్చింతగా ఉండేది.

అరవై ఏడేళ్ళ అక్క, అరవై మూడేళ్ళ చెల్లెలు అప్పుడు వంట మొదలుపెట్టారు. బీన్స్ కత్తెరతో కత్తిరించింది చెల్లెలు, చేతికి అలవాటైన పనిముట్టు అదే కాబట్టి. అన్నీ ఒకే పొడవు వచ్చాయి. మొదటి వారం ఏది ఉడికిందో ఏది మాడిందో నోట్లో పెట్టుకుంటే గానీ తెలియలేదు. ఉప్పు లేని కూర సీలమ్మ నాలుకకు తడి అట్టముక్కలా తగిలేది. నిమ్మరసం పిండుకుని, మిరియాలు చల్లుకుని, తిట్టుకుంటూ తినేది. రెండో నెలలో ఒక రోజు క్యాబేజీ తింటూ ఆగిపోయింది.

"ఇందులో పంచదార వేశావా?"

"వేయలేదే. క్యాబేజీ అలాగే ఉంటుందేమో."

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే" అంది సీలమ్మ, నమ్మకం లేనట్టుగా ఇంకో ముద్ద పెట్టుకుంటూ.

ఆరు నెలలకు కాళ్ళ వాపు తగ్గింది. కాగితంలో నలభై ఒకటి కాస్తా నలభై నాలుగైంది.

"పెరిగాయా నా కిడ్నీలు?"

"మూడు అంకెలు అటూ ఇటూ కావడం మామూలేనమ్మా. పడిపోలేదు, అదే మంచి కబురు."

"బిళ్ళలు మానేసినందుకా? ఉప్పు మానేసినందుకా? ప్యాకెట్లు మానేసినందుకా?"

"తెలియదమ్మా. మూడూ మానేసే ఉండండి."

సీలమ్మ అలాగే ఉంటోంది. పాత స్నేహితురాళ్ళు కలిసినప్పుడు నూడుల్స్ ఎందుకు మానేశావని అడుగుతారు. ఒకసారి కిడ్నీలు పాడయ్యాయని చెప్తుంది, ఒకసారి చెల్లెలు వండనివ్వడం లేదంటుంది, ఒకసారి తనకే తెలియదంటుంది. మమ్మల్నీ మానేయమంటావా అని వాళ్ళు అడిగితే మాత్రం, రక్తం పరీక్ష చేయించుకోండి ముందు, అని ఆ ఆసుపత్రి ఏ వీధిలో ఉందో చెప్తుంది.