మూత లోపలి చీటీ

మా మేనత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు టంకం వేసి రిటైరైంది. ఇప్పుడు ఇంటి ముందుగదిలో ఆసుపత్రి పరికరాలు బాగుచేస్తుంది. మెరిసేదాన్ని నమ్మదు. ఏ విడిభాగం చేతికొచ్చినా ముందు టార్చి ఏటవాలుగా వేసి చూస్తుంది. "ఎదురుగా చూస్తే అందరూ పెద్దమనుషులేరా" అంటుంది. బాగుచేసిన ప్రతి పెట్టె మూత లోపలా చీటీ అంటిస్తుంది: ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎవరివల్ల. తన తప్పయితే తన పేరే రాసుకుంటుంది.

నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, అందుకే అందరికీ చెబుతుంటాను.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఊపిరి ఆగితే మోగే పరికరం ఆర్నెల్లు పక్కనే ఉంచమన్నారు డాక్టరమ్మ. అత్త పాతదొకటి బాగుచేసి ఇచ్చింది. వారం తిరక్కుండానే నేను దాన్ని విప్పాను. లోపల పచ్చటి పొర, ఏదో జిగురు వాసన. పసిబిడ్డ పక్కన ఇంత మురికా! స్పిరిటుతో శుభ్రంగా తుడిచేశాను. తీగలు కలిపే పిన్నులకు అత్త పట్టించిన టంకంలో సీసం ఉంటుందని గుర్తొచ్చింది. వాటిని పీకేసి, తళతళలాడే తగరం పూత పిన్నులు కొని తెచ్చి, పట్టని కన్నాల్లోకి పళ్లు బిగించి దూర్చాను. ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగు నెలలు బాగానే పనిచేసింది. రోజూ పొద్దున్నే పరీక్ష మీట నొక్కడం మా ఆవిడ అలవాటు. మొన్న నొక్కింది.

"ఏమండీ, మోగట్లేదు."

రాత్రి ఏ వేళనుంచి మోగట్లేదో, ఏ క్షణంలో ఏం జరిగి ఉండేదో! ఆవిడ పాప గుండె మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను పెట్టె చంకన పెట్టుకుని పరిగెత్తాను.

అత్త మూత తీసి టార్చి ఏటవాలుగా వేసింది. రెండు పిన్నుల మధ్య సన్నటి వెండి వెంట్రుక తళుక్కుమంది. నాకు ఊపొచ్చింది.

"తగరం వెంట్రుకలత్తా! ఒత్తిడి పడితే వట్టి తగరం పూత ఇలాగే బయటికి పెరుగుతుంది. పక్క పిన్నుకు తగిలితే షార్టు. కాస్త సీసం కలిపితే అంతగా పెరగవు. పైన వార్నిష్ పొర ఉంటే పక్కదాన్ని తాకలేవు. పిన్నుల్ని బలవంతంగా దూర్చకుండా..."

చూపిస్తున్న వేలు వెనక్కి లాక్కున్నాను.

"ఆపావేంరా? బాగా చెబుతున్నావుగా."

"సీసం కదత్తా, పాప ఉందని..."

"మూత విప్పి పిన్నులు చప్పరించే అలవాటు మీ పాపకుందా?"

పిన్నులు మార్చింది. సీసం కలిసిన టంకంలో ముంచి, కన్నాల్లో సులువుగా కూర్చోబెట్టింది. వార్నిష్ పూసి ఆరబెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుంది. మూత మాత్రం బిగించలేదు.

"చీటీ నువ్వే రాయి. చదువుకున్నవాడివి."

'తయారీ లోపం' అని రాశాను. అత్త చదివి చింపేసింది.

"ఎవరి తయారీలో? మా అన్నయ్యనంటున్నావా?"

'వార్నిష్ పోయింది' అని రాశాను.

"కాళ్లొచ్చి పోయిందా?" ఈసారి నవ్వలేదు అత్త. "మీ పాప తరవాత ఇది ఇంకో బిడ్డ దగ్గరికి పోతుందిరా. ఆ బిడ్డ తండ్రి కూడా నీలాంటి తెలివైనవాడే కావచ్చు."

మూడో చీటీ ఒక్క ఊపున రాశాను: 'మురికి అనుకుని వార్నిష్ తుడిచి, మంచి పిన్నులు పీకి, మెరిసేవి బలవంతంగా దూర్చినందువల్ల తగరం వెంట్రుకలు పెరిగి మోత ఆగింది. చేసినవాడు: పాప నాన్న, ఎమ్మెస్సీ.'

"ఎమ్మెస్సీ ఎందుకు?"

"జాగ్రత్త పడతారని."

ఇంటికి రాగానే మా ఆవిడ మీట నొక్కింది. చెవులు చిల్లులు పడేలా మోగింది. పాప ఉలిక్కిపడి లేచి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమైందట దానికి?" అంది మా ఆవిడ.

"అదంతా సాంకేతికం. మూత లోపల రాసుంది."

ఆవిడ నా మొహం ఒకసారి చూసింది. పాపను నా చేతుల్లో పెట్టి, స్క్రూడ్రైవర్ అందుకుంది.