అరగంటకొక మబ్బు

ఇంటర్నెట్ మన ఇంట్లోకి రాకముందు, మనమే దాని దగ్గరికి నడిచిపోవలసిన కాలం ఒకటుండేది. మెట్లెక్కి, తలుపు బయట చెప్పులు విడిచి (గుడికి పోయినట్టే), పుస్తకంలో పేరూ టైమూ రాసి, పచ్చ పరదా పక్కకు జరిపి కూచునేవాళ్ళం. లేచి వచ్చేస్తే అది అక్కడే ఉండిపోయేది, మన వెంట పడి వచ్చేది కాదు. అంత మర్యాదగల దానికి కూడా మనిషి బానిస అవుతాడా అంటే, అవుతాడు. నేనయ్యాను. నా ఈడువాళ్ళంతా చాటింగులకో, ఆటలకో, పరదా అవసరమైన మరికొన్నిటికో అలవాటు పడితే, నేను మబ్బులకు అలవాటు పడ్డాను. మిగతావాళ్ళ వ్యసనాన్ని ఇంట్లో కనీసం అర్థం చేసుకునేవాళ్ళు. నాది ఎవరికీ అర్థమయ్యేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా చేరాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు టైపు చేయడం పని. యజమాని వ్యాపారస్తుల కుటుంబం మనిషి, నిదానస్తుడు, పనివాళ్ళమంతా ఆయన్ని మామా అని పిలిచేవాళ్ళం. ప్రెస్సులో కంప్యూటరుంది గానీ ఇంటర్నెట్ లేదు. అది పైఅంతస్తులో ఉన్న సెంటర్లో ఉండేది. దాన్ని నడిపే ఆమెను బజారంతా నెట్టక్క అనేది. భర్త తాడిపత్రిలో బండల పాలిష్ పని చూసుకుంటుంటే, ఈమె ఇక్కడ ఆరు కంప్యూటర్లనూ, వాటి ముందు కూచునే మాబోటి వాళ్ళనూ ఒంటిచేత్తో అదుపులో పెట్టేది.

ఒకరోజు మామ వాళ్ళ అమ్మాయి ఇంటర్ ఫలితాలు చూసి రమ్మని నన్ను పైకి పంపాడు. నాకు దొరికిన కంప్యూటరు మీద అంతకుముందు కూచున్నవాళ్ళెవరో ఒక బొమ్మ మూయకుండా పోయారు. నల్లటి దేశపటం, దాని మీద పొగలాగా తెల్లటి మరకలు. ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మ అది. మా వైపు మబ్బును మోడం అంటాం. మోడం కోసం తలెత్తి ఆకాశం చూడటమే తప్ప, మోడాన్ని పైనుంచి చూడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. బెళుగుప్ప దగ్గర మా పల్లెలో నాయన ఆ సమయానికి చెయ్యి కళ్ళకు అడ్డంపెట్టుకుని పడమటి దిక్కు చూస్తూ ఉంటాడని తెలుసు. నాయన కింది నుంచి చూసేదాన్ని నేను పైనుంచి చూస్తున్నాను. ఆ గర్వంలో అమ్మాయి ఫలితాలు చూడటం మరిచి కిందికి దిగి వచ్చాను. (పాసైందని మామకు పక్కింటివాళ్ళు చెప్పారు.)

ఆ బొమ్మ అరగంటకొకసారి మారుతుంది. నా పతనానికి కారణం ఆ అరగంటే. గంటకొకసారో, రోజుకొకసారో మారేదైతే నేను బాగుపడేవాణ్ణి. పైగా ఆనాటి లైన్ల మీద బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు, పైనుంచి గీత గీతగా దిగేది. మొదట కాశ్మీరం, ఆ తర్వాత ఢిల్లీ, చాలాసేపటికి వింధ్య. ఆదిలాబాదు దాకా వచ్చి లైను తెగిపోయిన రోజులెన్నో. తెగితే మళ్ళీ కాశ్మీరం నుంచి మొదలు. నా అవస్థ చూడలేక నెట్టక్క తన బొట్టుబిళ్ళల పొట్లంలో నుంచి చిన్న స్టిక్కరు బొట్టు తీసి, నేనెప్పుడూ కూచునే మూడో నంబరు కంప్యూటరు అద్దం మీద అనంతపురం వచ్చే చోట అంటించింది. స్క్రీను మీద పురుగుందని ఇతరులు ఫిర్యాదు చేసినా తియ్యనివ్వలేదు. అలాగని వెనకేసుకొచ్చిందీ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలదా, మోడాలు నువ్వు చూడకుంటే దారి తప్పిపోతాయా అని అడిగేది. రేపటి నుంచి అలాగే అక్కా అని ఒట్టేసి, మరో అరగంటకు మళ్ళీ మెట్ల మీద ఉండేవాణ్ణి.

ఇక పని సంగతి. బుక్కరాయసముద్రం నుంచి ఒక రైతు తన కూతురి పెళ్ళిపత్రిక వేయించాడు. అచ్చయింది, కట్టలు కట్టాం, తీసుకుపోయాడు. మరునాడు ఒక పత్రిక పట్టుకుని వచ్చి నా ముందు బల్ల మీద పెట్టి, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఏమప్పా, మా ఊరి పేర్లో సముద్రముందని ఇట్ల యేసినావా?"

చూస్తే, పెళ్ళి జరుగు స్థలం అని ఉన్నచోట, నా చేతులతో నేనే టైపు చేసిన మాట, బంగాళాఖాతం. ఆ వారమంతా నా మనసు అక్కడే ఉంది మరి, అల్పపీడనం కోసం కాచుకుని.  మామ సరైన స్థలం పేరుతో చిన్న చీటీలు అచ్చువేయించి, గోందు సీసా నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పత్రికలన్నిటికీ చీటీలు అంటించేసరికి నాకు రెండు రోజులు పట్టింది. (మధ్యలో నాలుగుసార్లు పైకి పోయి వచ్చాను. ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు.)

పల్లెలో మాత్రం నా పేరు మారుమోగుతోంది. అంగట్లో ఉన్న ఫోనుకు చేసి, రేపు సాయంత్రం మోడం వస్తుంది నాయనా అని చెప్పేవాణ్ణి. రెండుసార్లు నిజంగానే నాలుగు చినుకులు రాలాయి. దాంతో మా ఊళ్ళో నేను మోడాలోణ్ణి అయిపోయాను. నేను ఫోన్ చేస్తే అంగడి ముందు పదిమంది చేరేవాళ్ళట. ఆరుద్ర కార్తె వచ్చినా విత్తడానికి పదునయ్యే వాన పడలేదు. వేరుశనగ విత్తనం సంచుల్లోనే ఉంది. అలాంటి రోజున మూడో నంబరు అద్దం మీద తూర్పు నుంచి పెద్ద తెల్లటి దుప్పటి లాంటిది మా బొట్టు వైపు కదలడం చూశాను. అరగంటకు మరి కాస్త దగ్గరైంది. ఇంకో అరగంటకు ఇంకా దగ్గర. పరుగున కిందికి వచ్చి ఫోన్ చేశాను. రేపు తప్పదు నాయనా, పొడి దుక్కిలోనే విత్తేసెయ్, అన్నాను. అలా చెప్పమని నన్నెవరూ అడగలేదు. నాయన ఆ మాట అంగడి ముందున్నవాళ్ళకు చెప్పడం వినబడింది. తర్వాత, "నువ్వు చూసినావు గదా, సరే" అన్నాడు.

మరునాడు ఆ దుప్పటి కర్నూలు మీదుగా పక్కకు తిరిగి, ఎక్కడికక్కడ చిరిగి, మాయమైంది. నాయన ఉన్న చేన్లలో మేలైనదాన్ని విత్తేశాడు. నన్ను నమ్మి ఇంకో ముగ్గురు కూడా విత్తారు. ఆ విత్తనాలను చీమలు కొన్ని, పక్షులు కొన్ని ఏరుకున్నాయి. నేను వారం రోజులు ఊరికి ఫోన్ చేయలేదు. చెప్పడానికి మొహం లేదు. కానీ పైకి పోవడం మానలేదు, ఇంకా ఎక్కువైంది. తప్పిపోయిన మోడం ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుందన్నట్టు, తిండి కూడా సగంలో వదిలి చూసేవాణ్ణి.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నాయనే ప్రెస్సుకు వచ్చాడు. మళ్ళీ విత్తడానికి కొన్న విత్తనం సంచి భుజాన ఉంది. తిడతాడని తలదించుకుని నిలబడ్డాను. ఆయన సంచి దించి, మామ ఇచ్చిన నీళ్ళు తాగి, "ఆ మోడాలు చూపిచ్చే మిషను యాడుండాదో సూపీరా" అన్నాడు.

కరెంటు లేదు, వరండాలో జనరేటరు మోగుతోంది. నెట్టక్క నాయనకు కుర్చీ వేసింది. గీత గీతగా దేశం దిగుతుంటే నాయన ముందుకు వంగి చూశాడు. అక్క బొట్టు మీద వేలుపెట్టి, మీ తావు ఇదే మామా అని నాయనకు చూపింది. నాయన చాలాసేపు చూసి మెల్లగా అన్నాడు. "దేశమంతా ఇంత తెల్లగుండాది గదమ్మా. ఈ బొట్టు కాడనే ఏంటికి లేదు?"  ఇంతలో లైను తెగింది. ఫోను తీగకూ కంప్యూటరుకూ మధ్య ఉండే ఆ చిన్న డబ్బాను తాకి చూసి, మోడెం వేడెక్కినాది మామా, కొంచెంసేపు ఆగల్ల అంది అక్క. నాయన సంతృప్తిగా తలూపాడు. "యేడెక్కనీమ్మా. మోడం యేడెక్కితేనే గదా కురిసేది." అక్క నవ్వు ఆపుకోలేక పరదా అవతలికి పోయింది. ఆమె ఎందుకు నవ్విందో నాయనకు తెలియలేదు.

నన్ను ఆ కుర్చీ మీదనుంచి లేపుకుపోవడానికి వచ్చాడనుకున్న మనిషి, అరగంట కాగానే ఇంగొక తూరి చూసి పోదాం అన్నాడు. ఆ తర్వాత మరొక తూరి. ఊరి బస్సు పోయింది. నాలుగో బొమ్మలోనూ బొట్టు చుట్టూ నల్లగానే ఉంది. ఇద్దరం లేచి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగితే, బజారంతా తడి. స్కూటర్ల సీట్లు గుడ్డలతో తుడుచుకుంటున్నారు. మట్టి వాసన ముక్కుకు కొట్టింది. పావుగంట జడివాన పడి ఆగిపోయిందట. జనరేటరు మోతలో, మూసిన కిటికీల వెనుక, మాకు వినబడలేదు. ఏడాదికి నాలుగైదు మంచి వానలు చూసే నేలలో పుట్టి, వానను వెతుక్కుంటూ కూచుని వానను పోగొట్టుకున్నాం. నాయన చెయ్యి చాపాడు. సెంటరు బోర్డు అంచు నుంచి రెండు చుక్కలు రాలాయి. అరచెయ్యి చూసుకుని నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూ నవ్వుతూ మెట్టు మీద కూచున్నాడు. "మనం లోపల దాన్ని ఎతుకుతాంటే, అది బయటకొచ్చి మనల్ని చూసుకోని పోయిందిరా" అన్నాడు.

మామను అడిగి సెలవు తీసుకుని నాయనతో ఊరికి బయల్దేరాను. తర్వాతి బస్సులో కిటికీ దగ్గర ఇద్దరం తలలు కలిపి రోడ్డునే చూశాం. తడి ఎంతదాకా ఉందో చూడాలని. బస్సు అనంతపురం దాటింది, ఇంకా తడే. మరికొంత దూరమూ తడే. ఇద్దరికీ ఆశ పుట్టింది. అంతలో ఒక మలుపు దగ్గర, ఎవరో గీత గీసినట్టు, తడి ఆగిపోయింది. అక్కడి నుంచి మా ఊరిదాకా తెల్లటి దుమ్ము. నాయన కిటికీ మీదనుంచి తల తీసి, సంచి మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఊళ్ళో దిగగానే ఫోనున్న అంగడాయన నన్ను పలకరించాడు. వారం దినాలుగా ఫోన్ ఏంటికి చేయలేదని అడిగాడు. "మీ నాయన దినామూ పొద్దుగూకే యాళకు వచ్చి ఈ బండ మీద కూచుంటాండె. మోడం వస్తాదని చెప్పిన పొద్దూ కూచుంటాండె, చెప్పని పొద్దూ కూచుంటాండె" అన్నాడు.  మోడం కనబడితేనే ఫోన్ చేసేవాణ్ణి నేను. కనబడకపోతే చెప్పడానికేముంది అనుకునేవాణ్ణి.

ఇంటికి నడుస్తూ నాయన తనే మొదలుపెట్టాడు. "దినానికి ఒక తూరి చూడు, చాలు. చూసినాంక ఫోన్ చెయ్. వాన లేకున్నా చెయ్."

అంతే. నెట్టక్కకు వేసిన ఒట్లతో, మామ గోందు సీసాతో కుదరనిది దాంతో కుదిరింది. సాయంత్రం ఐదింటికి ఒకే బొమ్మ, ఆ వెంటనే ఒక ఫోను. ఈపొద్దు లేదు నాయనా అంటే, సరే, అన్నం తిన్నావా అనేవాడు. ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. కాయ అంతంత మాత్రమే, పశువులకు మేత మాత్రం మిగిలింది. పెళ్ళిపత్రికల్లో సముద్రాలు మళ్ళీ రాలేదు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న మా అమ్మాయి నా ఫోను తీసుకుని, అది తనంతట తానే రాసిపెట్టుకునే లెక్క చూసి నవ్వింది. ఒక్కరోజులో నలభైసార్లు తెరిచానట, చూసినవన్నీ మబ్బులేనట. ఒకప్పుడు నేను రోజుకు ఒక్కసారే చూసేవాణ్ణి తెలుసా అన్నాను. నమ్మలేదు. అంత కంట్రోల్ ఎట్లా వచ్చింది నాన్నా, చిట్కా ఏదైనా ఉంటే నాకూ చెప్పు, నాకూ అవసరమే అంది. నేను నవ్వి ఫోను వెనక్కి తీసుకున్నాను. చూడగానే చెప్పడానికి ఒక మనిషి కాచుకుని ఉంటే ఒక్కసారి చూడటం సరిపోతుందని, ఆ ఇరవై మూడేళ్ళ మోడాలోడికి తెలిసినంత బాగా ఇప్పుడు నాకే తెలియదు.